ఊరి మొదట నిలబడ్డ జీవాలు

2007 మే 26న ఆస్ట్రేలియాలోని గోల్‌బర్న్ అనే ఊళ్ళో ఒక పొట్టేలు చోటు మారింది. మామూలు పొట్టేలు కాదది. ఎత్తు 15 మీటర్లు, పొడవు 18 మీటర్లు, బరువు 97 టన్నులు. ఇనుప చట్రానికి కాంక్రీటు పట్టించి చేసిన మెరినో పొట్టేలు. ఇరవై ఏళ్ళకు పైగా ఒకే చోట నిలబడ్డ ఆ విగ్రహాన్ని పునాది నుంచి విడదీసి, భారీ వాహనం మీదికి ఎక్కించి, దాదాపు 800 మీటర్ల అవతల హైవే మలుపు దగ్గర దించారు. అంత శ్రమ, అంత ఖర్చు ఎందుకంటే, అప్పటికే రోడ్డు ఊరిని వదిలి పక్కకు జరిగిపోయింది. దారిన పోయేవాళ్ళను ఆపడానికే పుట్టిన పొట్టేలు కాబట్టి, దారి ఎటు పోతే అదీ అటే పోవాల్సి వచ్చింది.

సిడ్నీ నుంచి మెల్‌బోర్న్ వెళ్ళే హ్యూమ్ హైవే ఒకప్పుడు గోల్‌బర్న్ నడిబొడ్డు మీదుగా పోయేది. సిడ్నీకి రెండు వందల కిలోమీటర్ల లోపు ఊరు. బండి ఆపి ఏదైనా తిని, పెట్రోలు పోయించుకుని బయల్దేరడానికి సరిగ్గా కుదిరే దూరం. చుట్టూ గొర్రెల బీళ్ళు. ఆ నేల బతుకంతా ఉన్ని మీదే. మోకనీ అనే అన్నదమ్ములు 1985లో ఇక్కడ పొట్టేలును నిలబెట్టారు. దగ్గర్లోని ఒక మందలో రాంబో అనే విత్తనపు పొట్టేలు ఉండేది. దాన్ని చూసే దీన్ని చేశారు. మెడ కింద మడతలు మడతలుగా జారిన తోలు, చెవుల చుట్టూ మెలి తిరిగిన కొమ్ములు, ఒళ్ళంతా గజిబిజిగా ముసురుకున్న ఉన్ని... కాంక్రీటుతో ఉన్నిని చూపించడం ఎంత కష్టమో సిమెంటు పని తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఊరివాళ్ళు దాన్నీ రాంబో అనే పిలుస్తారు. పొట్టలో మూడంతస్తులు ఉన్నాయి. కింద దుకాణం, పైన ఉన్ని చరిత్ర చెప్పే ప్రదర్శన. మెట్లెక్కి తల దాకా వెళితే పొట్టేలు కళ్ళలోంచి ఊరు కనబడేది.

ఆ తర్వాత ఏడెనిమిదేళ్ళలో రెండు దెబ్బలు పడ్డాయి. ఆస్ట్రేలియాలో ఉన్నికి కనీస ధర కట్టబెట్టే పథకం ఉండేది. గిడ్డంగుల్లో ఉన్ని మూటలు కొండల్లా పేరుకుపోయి, కొనే దిక్కు లేక 1991 ఫిబ్రవరిలో ఆ పథకాన్ని ఆపేశారు. ధర కూలింది. మేపడం కన్నా చంపుకోవడం నయమనే పరిస్థితిలో రైతులు లక్షల గొర్రెలను తమ చేతులతో కాల్చి పూడ్చిపెట్టారు. మరుసటి ఏడాది, 1992లో బైపాస్ రోడ్డు తెరిచారు. ఊళ్ళోకి వచ్చే బండ్లు తగ్గిపోయాయి. పొట్టేలు ముందు ఆగేవాళ్ళూ తగ్గారు. అయినా గోల్‌బర్న్ దాన్ని పడగొట్టలేదు. పదిహేనేళ్ళు ఓపిక పట్టి, చివరికి ఎత్తుకెళ్ళి కొత్త దారి పక్కన నిలబెట్టుకుంది. ఇప్పుడు సిడ్నీ నుంచి కాన్‌బెర్రా వెళ్ళే తెలుగు కుటుంబాలు కూడా పిల్లల కోసం ఆగేది ఆ పొట్టేలు దగ్గరే.

దారి పక్క జంతువుల విగ్రహాలను చూసి సందడి కోసం పెట్టిన బొమ్మలని తీసిపారేసేవాళ్ళు ఉన్నారు. నాకలా అనిపించదు. ఊరి మొదట ఒక జీవాన్ని నిలబెట్టడంలో ఆ ఊరు తన రుణం ఒప్పుకుంటుంది. మమ్మల్ని సాకింది ఇదీ అని బయటివాడికి చూపిస్తుంది. ఆ మాట నిజమో కాదో మాత్రం విగ్రహం ఎత్తును బట్టి తెలియదు. పెట్టి ముప్ఫై ఏళ్ళయ్యాక రంగు ఎవరు వేస్తున్నారో చూస్తే తెలుస్తుంది.

దారి మళ్ళిన చోట

కెనడాలో, లేక్ సుపీరియర్ సరస్సుకు దగ్గర్లో వావా అనే చిన్న ఊరుంది. ఇనుప గనుల ఊరు. దేశాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు కలిపే ట్రాన్స్-కెనడా హైవేలో ఆ సరస్సు ఒడ్డు భాగం చాలాకాలం పూర్తికాలేదు. అంతా రాతి గుట్టలు, చిత్తడి నేలలు, దట్టమైన అడవి. 1960లో ఆ ఖాళీ పూడింది. దశాబ్దాలుగా ఆ రోడ్డు కోసం ఎదురుచూసిన ఊరికి పండగే. తీరా చూస్తే రోడ్డు బజారులోకి రాకుండా ఊరి పక్కగా వెళ్ళింది. వచ్చినవాళ్ళు వచ్చినట్టే వెళ్ళిపోతారని ఆల్ టర్కాట్ అనే వ్యాపారికి అర్థమైంది. కూడలిలో ఒక పెద్ద కెనడా బాతును పెడదామని పట్టుబట్టాడు. వావా అంటే అక్కడి ఒజిబ్వే ప్రజల మాటలో అడవి బాతు అనే ఊళ్ళో చెప్పుకుంటారు. హైవే తెరిచిన 1960లోనే బాతు లేచింది.

మొదటి బాతు తీగల వల మీద ప్లాస్టర్ పూసి చేసింది. లేక్ సుపీరియర్ చలికాలం ముందు ప్లాస్టర్ ఏం నిలుస్తుంది? మంచు పట్టడం, కరగడం, మళ్ళీ పట్టడం. నీరు పగుళ్ళలోకి దూరి గడ్డకట్టినప్పుడల్లా పగులు పెద్దదవుతుంది. మూడేళ్ళకే దాన్ని తీసి 1963లో ఉక్కు బాతును పెట్టారు. ఎత్తు 28 అడుగులు, బరువు రెండు టన్నులు. మెడ చాచి, రెక్కలు విప్పి, కొండవాలు మీంచి ఇప్పుడే ఎగరబోతున్నట్టు ఉంటుంది. అర్ధ శతాబ్దం గాలికీ మంచుకూ నిలబడి అది కూడా తుప్పు పట్టింది. ఈలోగా 1998లో ఇనుప గని మూతపడింది. ఒక గనుల ఊళ్ళో గని మూతపడితే ఏమవుతుందో సింగరేణి ప్రాంతంవాళ్ళకూ కోలార్ బంగారు గనులకు వలసపోయిన చిత్తూరు జిల్లా కుటుంబాలకూ తెలుసు. జీతాలు పోతాయి, కుర్రాళ్ళు వెళ్ళిపోతారు, బడిలో పిల్లలు తగ్గుతారు. అలాంటి ఊరు తుప్పు పట్టిన బాతును ఆ ఖాతాలో వదిలేస్తే ఎవరూ తప్పుపట్టేవాళ్ళు కాదు. వదల్లేదు. కెనడా 150 ఏళ్ళ పండగ రోజున, 2017 జూలై 1న, అదే రూపంలో కొత్త బాతును ఆవిష్కరించుకున్నారు. ఆ రోడ్డు మీద వెళ్ళే ప్రయాణికులు దాని కాళ్ళ దగ్గర ఆగి ఫొటో దిగుతూనే ఉన్నారు.

ఒకే దారి, నాలుగు జీవాలు

ఈ సంగతి లోతుగా అర్థం కావాలంటే అమెరికాలోని నార్త్ డకోటా రాష్ట్రంలో 94వ నంబరు ఇంటర్‌స్టేట్ రోడ్డును చూడాలి. ఆ రాష్ట్రం విస్తీర్ణంలో మన ఆంధ్రప్రదేశ్ కన్నా పెద్దది. జనాభా మాత్రం ఎనిమిది లక్షలు కూడా లేదు. తూర్పున ఫార్గో నుంచి పడమర అంచు దాకా రోడ్డు దాదాపు గీత గీసినట్టు పోతుంది. అటు గడ్డిమైదానం, ఇటు గోధుమ పొలం. చాలా దూరం కొండ లేదు, మలుపు లేదు. ఫార్గోలో చదువుకునే మన పిల్లలు సెలవుల్లో పడమటికి బండి తీస్తే గంటల తరబడి చూడటానికి ఆకాశం తప్ప ఏమీ ఉండదు. అలాంటి చోట దిగంతం మీద ఒక మూపురం కనిపించిందనుకోండి. అది జేమ్స్‌టౌన్ వచ్చిందన్న గుర్తు.

26 అడుగుల ఎత్తు, 46 అడుగుల పొడవు, 60 టన్నుల బరువున్న బైసన్. 1959లో పెట్టారు. డబ్బు సమకూర్చి పని నడిపినవాడు హెరాల్డ్ న్యూమన్ అనే స్థానిక వ్యాపారి. రూపం ఇచ్చినవాడు అక్కడి కాలేజీలో బొమ్మలు నేర్పే ఎల్మర్ పీటర్సన్. ఉక్కు దూలాలతో అస్థిపంజరం కట్టి, దాని మీద తీగల వల పరిచి, ఆ వల మీద సిమెంటును గొట్టంతో చిమ్మి ఒళ్ళు తెప్పించారు. మన ఊళ్ళలో దేవుళ్ళ పెద్ద విగ్రహాలు చేసే మేస్త్రీలు కూడా ఎముక, వల, తోలు అనే ఇదే వరసలో వెళతారు. చాలాకాలం ఆ బైసన్‌కు పేరే లేదు. 2010లో పోటీ పెట్టి డకోటా థండర్ అని పేరు పెట్టారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఆ మైదానాల్లో ఒకప్పుడు బైసన్‌లు కోట్లలో ఉండేవి. లకోటా, డకోటా ప్రజలకు తిండి అదే, గుడారపు తోలు అదే, ఎముకతో సూది, నరంతో దారం, పేడతో పొయ్యి. రైలు వచ్చింది, తోళ్ళ వ్యాపారం వచ్చింది. మరల పట్టాలకు తోలు కావాలని, ఆదివాసులను ఆకలితో లొంగదీయాలని, వట్టి సరదాకని కూడా కాల్చారు. 1880ల చివరికి వెయ్యిలోపు మిగిలాయి. అలా ఊడ్చేసిన నేల మీద, రైలుతో పుట్టిన ఊరు, డెబ్భై ఏళ్ళ తర్వాత ఒక సిమెంటు బైసన్‌ను నిలబెట్టింది. రుణం అన్నాను కదా, ఇది ఆ రుణాల్లోకెల్లా బరువైంది. ఎందుకంటే ఆ జంతువు సాకింది ఈ ఊరివాళ్ళను కాదు, వీళ్ళకు ముందున్నవాళ్ళను.

జేమ్స్‌టౌన్ అక్కడితో ఆగి ఉంటే దాన్ని గురించి ఇంత చెప్పాలనిపించేది కాదు. విగ్రహం పక్కనే 1993లో జాతీయ బైసన్ మ్యూజియం తెరిచారు. ప్రాణమున్న మందను కూడా పెంచుతున్నారు. 1996లో నార్త్ డకోటాలోనే ఒక తెల్ల బైసన్ దూడ పుట్టింది. తెల్ల బైసన్ మైదాన ప్రాంత ఆదివాసులకు పవిత్రం. వైట్ క్లౌడ్ అని పేరున్న ఆ ఆవు మరుసటి ఏడాది నుంచి దాదాపు ఇరవై ఏళ్ళు జేమ్స్‌టౌన్ మందలోనే ఉంది. దాన్ని చూడటానికి దూరదూరాల నుంచి వచ్చేవారు. రోడ్డు మీది బొమ్మ కోసం ఆగినవాడు కంచె దగ్గర బతికున్న బైసన్‌ను చూసి వెళతాడు. ఇంకా పడమరకు వెళితే, అదే రోడ్డు థియోడర్ రూజ్‌వెల్ట్ జాతీయ పార్కును తాకుతుంది. అక్కడ 1956 నుంచి బైసన్‌లను మళ్ళీ స్వేచ్ఛగా తిరగనిచ్చారు. పార్కులో రోడ్డుకు అడ్డంగా మంద నిలబడితే కార్లు ఆగాల్సిందే.

జేమ్స్‌టౌన్ దాటాక స్టీల్ అనే ఊరి దగ్గర దాదాపు 40 అడుగుల ఎత్తున శాండ్‌హిల్ కొంగ. ఉక్కు రేకులతో చేసింది. ఆ జాతి కొంగలు ఏటా ఆ ఆకాశం మీదుగానే వలస పోతాయి. రాష్ట్ర రాజధాని బిస్మార్క్ దాటాక న్యూ సేలమ్. అక్కడ కొండ మీద ఆవు. 38 అడుగుల ఎత్తు, 50 అడుగుల పొడవు, నలుపూ తెలుపూ మచ్చల హోల్‌స్టీన్. 1974లో పెట్టారు. ఖర్చు 40,000 డాలర్లు. ఊరి లయన్స్ క్లబ్బు పూనుకుంటే పాడి రైతులు, కొట్టు యజమానులు తలా ఒక చెయ్యి వేశారు. ఫైబర్‌గ్లాస్ కాబట్టి అంత పెద్ద ఆవు బరువు ఆరు టన్నులే. కిలోమీటర్ల దూరం నుంచే కనబడుతుంది. పేరు సేలమ్ సూ. ఈ నాలుగింటిలో నాకు ఎక్కువ ఇష్టమైంది ఇదే. పాడి మీద బతికే ఊరు పాడి ఆవును కొండెక్కించింది. ఎందుకు పెట్టారని అడగాల్సిన పనే లేదు.

నాలుగోది గ్లాడ్‌స్టోన్ దగ్గర, ఎగిరే బాతులు. దాని వెనక ఉన్న మనిషి కథ వేరుగా చెప్పాలి.

రీజెంట్ మాస్టారు

గ్లాడ్‌స్టోన్ దగ్గర హైవే దిగి దక్షిణంగా 32 మైళ్ళు పోతే రీజెంట్ వస్తుంది. జనం రెండు వందల లోపు. అక్కడ పుట్టిన గ్యారీ గ్రెఫ్ బడిపంతులుగా, ప్రిన్సిపాలుగా పనిచేసి 1989 ప్రాంతంలో సొంతూరికి తిరిగొచ్చాడు. పొలాలు పెద్దవాళ్ళ చేతికి పోయి, కుటుంబాలు తగ్గిపోయి, ఊరు చివరి దశలో ఉంది. హైవే ఏమో 32 మైళ్ళ అవతల. ఏదో ఒకటి చూడటానికి ఉంటే తప్ప ఎవడూ అంత దూరం లోపలికి రాడు. ఆ చూడదగ్గది తానే చేస్తానని మొదలుపెట్టాడు. బొమ్మలు వేయడం నేర్చుకోలేదు. వెల్డింగ్ అంతకన్నా రాదు. పని చేస్తూనే నేర్చుకున్నాడు. దారి పక్క పొలాల రైతులు జాగా ఇచ్చారు. పాత చమురు ట్యాంకులు, చమురు బావుల నుంచి పీకిన గొట్టాలు, రైతుల దొడ్లలో పడి ఉన్న ఇనుము, ఇవీ సరుకులు.

హైవే దిగే చోటే మొదటి పలకరింపు ఉంది. 110 అడుగుల ఎత్తు, 154 అడుగుల వెడల్పున్న ఇనుప చట్రం. పెద్ద కన్ను ఆకారం. దాని నడుమ ఆకాశం, ఆకాశంలో బాతుల బారు. ఎగిరే బాతులు అనే ఆ శిల్పాన్ని 2001లో పూర్తిచేశాడు. ప్రపంచంలోనే అతిపెద్ద తుక్కు ఇనుప శిల్పంగా గిన్నిస్‌కు ఎక్కింది. అక్కడి నుంచి రీజెంట్ దాకా దారి పొడవునా ఒక్కొక్క మజిలీ. లేళ్ళ గుంపు, గోధుమ కంకుల మధ్య మిడతలు, నెమలి జాతి ఫెజెంట్ కోళ్ళ కుటుంబం, నీళ్ళలోంచి ఎగిరిన చేప. మిడతను అంత పెద్దది చేయడంలో ఎంత మమకారం ఉందో, ఎంత భయం ఉందో ఆలోచించండి. ఒకనాటి రైతుల పంటను మిగలకుండా తిన్నది అదే. మనల్ని సాకినవే కాదు, మనల్ని ఏడిపించినవి కూడా ఊరి చరిత్రలోవే కదా.

ఒక మనిషి మూడు దశాబ్దాలకు పైగా ఈ పని మీదే ఉన్నాడు. ఊళ్ళో మూతపడ్డ బడిని కొని, కోట రూపంలో హోటల్‌గా మార్చాడు. ఆ దారి వెంట గడ్డి కోయాలి, తుప్పు గీకాలి, గాలివానకు వదులైన కీళ్ళు బిగించాలి. ఇంతా చేస్తే రీజెంట్ జనాభా పెరిగిందా అంటే పెరగలేదు. కానీ ఆ ఊరి పేరు ఇంకా జనం నోట ఉంది, వేసవిలో ఆ 32 మైళ్ళ దారిలో కార్లు కనబడుతున్నాయి. ఒక్క మనిషి మొండితనానికి ఇది చిన్న ఫలితమని నేను అనను.

తోక లేని రొయ్య

విగ్రహం పెట్టడం ఒక రోజు పండగ, ఉంచుకోవడం తరాల పని. న్యూసౌత్‌వేల్స్ తీరంలో బలీనా అనే ఊరుంది, రొయ్యల ఊరు. గోల్‌బర్న్‌లో పొట్టేలును పెట్టిన మోకనీ అన్నదమ్ములే 1989లో అక్కడ 35 టన్నుల రొయ్యను దారి పక్క భవనం నెత్తిన ఎక్కించారు. దుకాణం దెబ్బతింది, చోటు పాడుబడింది, రొయ్య రంగు వెలిసి పెచ్చులూడింది. 2009లో కౌన్సిల్ దాన్ని కూల్చడానికి అనుమతి ఇచ్చింది. ఊరు ఒప్పుకోలేదు. కాపాడండని సంతకాలు పెట్టారు. చివరికి ఆ స్థలాన్ని కొన్న హార్డ్‌వేర్ దుకాణాల సంస్థ బన్నింగ్స్ 2013లో సుమారు నాలుగు లక్షల డాలర్లతో దాన్ని బాగుచేయించింది. మొదటి రొయ్యకు తోక లేదు. భవనం మీద కూర్చోబెట్టడం వల్ల తోకకు చోటు దొరకలేదు. బాగుచేసినప్పుడు నేల మీదికి దించి తోక కూడా పెట్టారు. పాతికేళ్ళకు రొయ్య పూర్తి రొయ్య అయింది.

దక్షిణ ఆస్ట్రేలియాలో కింగ్‌స్టన్ ఊరి మొదట నిటారుగా నిలబడ్డ 17 మీటర్ల లాబ్‌స్టర్‌దీ ఇలాంటి కథే. 1979 డిసెంబరులో తెరిచారు. పేరు లారీ. మీసాలు, కాళ్ళు, పెంకు మీది ముళ్ళు, అన్నీ ఎంత నిజంగా ఉంటాయంటే దగ్గరికి వెళితే చిన్నపిల్లలు జంకుతారు. సముద్రపు ఉప్పుగాలికి ఫైబర్‌గ్లాస్ నెర్రెలిచ్చి లారీ ఒరిగిపోయే స్థితికి వచ్చింది. అప్పట్లో రేడియోలో హాస్య కార్యక్రమం చేసే హామిష్, ఆండీ దేశమంతా చందాలు పోగుచేయించారు. 2016 కల్లా లారీ మళ్ళీ ఎర్రగా మెరిసింది.

బసవన్న ముందు

మన దగ్గరికి వద్దాం. ఊరి మొదట పెద్ద జంతువును నిలబెట్టడం ఇక్కడ కొత్తది కాదు. హైదరాబాద్-బెంగళూరు హైవే మీద కొడికొండ దగ్గర పడమటికి తిరిగితే లేపాక్షి. గుడి కన్నా ముందు కళ్ళబడేది రోడ్డు పక్క తోటలో కూర్చున్న బసవన్న. 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు. అతుకు లేదు, ఒకటే రాయి. పదహారో శతాబ్దంలో, అచ్యుతదేవరాయల కాలంలో, పెనుకొండ కోశాధికారి విరూపణ్ణ, ఆయన తమ్ముడు వీరణ్ణ వీరభద్రస్వామి గుడి కట్టించిన రోజులనాటిది.

దగ్గరికి వెళ్ళి చూడాలి దాన్ని. మెడ చుట్టూ గంటల పట్టెడ. పైన ఒక్కొక్క గంటా విడివిడిగా తీర్చి ఉంటుంది. దాని పైన దండలు, వాటిలో రెండు తలల గండభేరుండం. వీపు మీద పరిచిన అలంకారపు వరసలు, తాళ్ళ మెలిక కూడా తెలిసేట్టు. వీటన్నిటి మీదా చెక్కుడు దట్టంగా ఉంటే, ముఖం, మూపురం, డొక్క మాత్రం నున్నగా వదిలేశారు. ఆ నునుపు వల్లే రాయి లోపల కండ ఉన్నట్టు అనిపిస్తుంది. చాలా గుళ్ళలో నంది దేవుడి ముందు అణకువగా తల దించుకుని ఉంటుంది. ఇది తల ఎత్తి, చెవులు రిక్కించి, ఏదో చప్పుడుకు లేవబోయే ఎద్దులా ఉంటుంది. పల్లెలో ఎడ్లను చూస్తూ పెరిగిన చెయ్యి తప్ప ఇంకోటి దాన్ని చెక్కలేదు. అడవి బాపిరాజు దాన్ని పాటగా కట్టాడు. మన సినిమాల నంది అవార్డుకు మూలం ఆ బసవన్నే. 2022లో గుడితో పాటు ఆ నందికి కూడా యునెస్కో తాత్కాలిక జాబితాలో చోటు దక్కింది.

లేపాక్షి శిల్పి బాటసారిని ఆపడానికి ఆ ఎద్దును చెక్కలేదు. శివుడి కోసం చెక్కాడు. న్యూ సేలమ్ ఆవుకీ దీనికీ ఆ తేడా ఉంది, దాన్ని చెరిపేయకూడదు. అయితే రాయలసీమ మెట్ట పొలం ఎద్దు మీద బతికింది. వాహనం రూపంలో శివుడి ముందు కూర్చున్నది ఆ రైతు ఇంటి ఎద్దే. పూజా, రుణమూ ఆ చోట కలిసిపోయాయి.

తమిళనాడు పల్లెల పొలిమేరల్లో అయ్యనార్ గుర్రాలదీ ఇదే దారి. రాత్రిళ్ళు ఊరిని కాపలా కాసే దేవుడికి స్వారీ కోసం గుర్రాలు. వేళార్ కుమ్మరులు మట్టితో చేసి కాలుస్తారు. ఊరి చెరువు మట్టే మనిషి కన్నా ఎత్తైన గుర్రమవుతుంది. పాతవి ఎండకూ వానకూ చెదిరి మట్టిలో కలుస్తుంటే కొత్తవి పక్కన చేరుతాయి. బాగుచేయడం అనే మాటే అక్కడ లేదు, మళ్ళీ చేయడం ఉంది. ఈ మధ్య చాలా చోట్ల సిమెంటు గుర్రాలు వచ్చాయి. నాకు మట్టివే బాగుంటాయి. వాటిని ప్రతి తరం తన చేత్తో చేయాల్సి వస్తుంది కాబట్టి.

మన దారుల పక్కన

ఇరవై ఏళ్ళుగా మన రోడ్లూ ఊళ్ళను వదిలి పక్కకు జరిగాయి. చెన్నై-కలకత్తా రోడ్డు నాలుగు వరసలు, ఆరు వరసలు అయ్యాక ఒకప్పుడు ప్రతి బస్సూ ఆగిన బజార్లు బైపాస్ అవతల పడ్డాయి. ఇప్పుడు ఊరు వచ్చిందని తెలిపేది ఫ్లైఓవర్ మీది పచ్చ బోర్డు, కాస్త పెద్ద ఊరైతే సిమెంటు తోరణం. తోరణం మీద పేర్లు మారుతుంటాయి. ఆ ఊరు దేని మీద బతుకుతుందో మాత్రం దానివల్ల తెలియదు.

ఒంగోలు గిత్తను బ్రెజిల్ వాళ్ళు ఓడల మీద తీసుకెళ్ళి, నెలోర్ అని మన నెల్లూరు పేరే పెట్టుకుని, కోట్ల పశువుల మందగా పెంచుకున్నారు. దేశంలో రొయ్యల సాగులో ముందున్నది ఆంధ్రప్రదేశ్. భీమవరం, కైకలూరు దారుల్లో చెరువులు తప్ప కనబడవు. సూళ్ళూరుపేట దగ్గర పులికాట్‌లో దిగే రాజహంసల కోసం ఫ్లెమింగో పండగ చేస్తారు. వీటికి బలీనా రొయ్యతోనో వావా బాతుతోనో పోల్చదగ్గ కథలు లేవా? నంద్యాల జిల్లా రోళ్ళపాడు సంగతి మరీ బాధ పెడుతుంది. బట్టమేక పిట్ట కోసం 1988లో ప్రత్యేకంగా అభయారణ్యం ప్రకటించిన చోటది. గడ్డిబీళ్ళు తగ్గి, ఆ పిట్ట అక్కడ దాదాపు కనుమరుగైంది. అలాంటి చోట విగ్రహం పెడితే జేమ్స్‌టౌన్‌లా పెట్టాలి. పక్కన గడ్డినేలను బతికించే పని కూడా జరగాలి. లేకపోతే అది సమాధిరాయి అవుతుంది.

నన్నడిగితే మొదట శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంతో మొదలుపెట్టాలి. టెక్కలి దగ్గర పల్లె. ఏటా సెప్టెంబరు ప్రాంతంలో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి ఇళ్ళ మధ్య చెట్ల మీదే గూళ్ళు కట్టి, గుడ్లు పొదిగి, పిల్లలను పెంచుకుని వేసవికి వెళతాయి. వాటిని ఊరివాళ్ళు పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు. రాళ్ళు విసరనివ్వరు, గూట్లోంచి జారిన పిల్లలను పట్టించుకుంటారు, అవి రాని ఏడు పంటకు మంచిది కాదని నమ్ముతారు. రెట్టల వాసన, రాత్రంతా అరుపులు భరించడం తేలికేమీ కాదు. అయినా భరిస్తారు. రుణం ఒప్పుకోవడం అనే పని ఆ ఊరు విగ్రహం లేకుండానే తరాలుగా చేస్తోంది.

జాతీయ రహదారి మీంచి ఆ ఊరికి తిరిగే చోట రెక్కలు విప్పిన గూడబాతు ఒకటి నిలబడాలని నా కోరిక. చేసేవాళ్ళు మనకున్నారు. తెనాలి సూర్య శిల్పశాలలో కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర పాత నట్లు, బోల్టులు, గొలుసులు, గేరు చక్రాలతో మనుషులనీ జంతువులనీ తయారుచేస్తున్నారు. ప్రధాని మోదీ 14 అడుగుల విగ్రహం అలా చేసిందే. ఆ చేతులకు గూడబాతు గొంతు సంచి, ఈకల వరస కష్టమేమీ కాదు. కష్టం గాలితో. ఆ తీరం తుపాన్లది. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గరే తీరం దాటింది. కాబట్టి రెక్కలు రేకు పలకలతో మూసినట్టు ఉండకూడదు. గ్రెఫ్ బాతుల చట్రంలా గాలి దూరిపోయేట్టు సందులుండాలి. కాళ్ళు సన్నగా కనబడినా పునాది లోతుగా పోవాలి. ఉప్పుగాలికి రెండు మూడేళ్ళకోసారి తుప్పు గీకి రంగు వేయాల్సిందే. ఆ డబ్బు పంచాయతీదా, పాల సంఘానిదా, దూర దేశాల్లో ఉద్యోగం చేస్తున్న ఊరి పిల్లలదా అన్నది విగ్రహానికి కొలతలు రాసుకునే రోజునే తేల్చుకోవాలి. పని నెలలు కూడా ముందే చూసుకోవాలి. వెల్డింగ్ చప్పుడు, నిప్పురవ్వలు గూళ్ళ కాలంలో ఆ దరిదాపుల్లో ఉండకూడదు. ఏప్రిల్‌లో మొదలుపెడితే పక్షులు తిరిగొచ్చే సెప్టెంబరు లోపే ముగించవచ్చు.